వంకర కుట్టు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. మా క్వార్టర్లల్ల అందరికీ తెలుసు, కాలేజీల ఇంకా బాగ తెలుసు. అందుకే సోని గురించి చెప్పుమని ఎవరన్న అడిగితె ముందుగాల ఈ ముక్క చెప్పి మొదలువెడత: ఆ పిల్ల మీద అరిచినంత నేను ఇంకెవరి మీద అరవలే. ఆ పిల్ల వల్ల కలిగినంత సంతోషం కూడ నాకు ఇంకెవరి వల్ల కలగలే. రెండూ ఉన్న మాటే.

నా పేరు శ్రీదేవి. మా నాయిన కాశయ్య బొగ్గుబాయిల చేసి రిటైరైండు. నేను డిప్లొమా చదివి, కొత్తగూడెం పొలిమేరల ఉన్న ఒక చిన్న ఇంజనీరింగ్ కాలేజీల ఫిజిక్స్ లాబ్ టెక్నీషియన్‌గ చేరిన. లాబ్ అంటె పెద్దగ ఊహించుకోకుర్రి. ఒక పొడుగాటి రూము, కిటికీలకు నల్ల గుడ్డలు, నడుమ ఒక ఇనుప టేబుల్. ఆ టేబుల్ నాది. అంటె కాలేజీదే, గానీ దాని బోల్టు బోల్టు నాకు తెలుసు. దాని మీద ఎవరన్న చాయ్ గ్లాసు పెడితె నా నోరు ఊకోదు.

సోని మా కాలేజీల గెస్ట్ లెక్చరర్‌గ వచ్చింది. ఏన్కూరు దిక్కు ఒక తండా వాళ్ళది. వాళ్ళ నాయిన లాల్‌సింగ్ అశ్వారావుపేట పామాయిల్ తోటల్ల ట్రాక్టర్ నడుపుతడు, తోటల పని సందు దొరికినప్పుడే ఇంటికొస్తడు. తల్లి పేరు జమ్లి. మిర్చి ఏరేతందుకు, పత్తి తీసేతందుకు కూలికి పోయేది. ఇంటికొచ్చినంక సూది దారం పట్టుకొని అద్దాలు కుట్టేది. లంబాడీ ఆడోళ్ళ రైకల మీద, ఓణీల మీద గుండ్రటి చిన్న చిన్న అద్దాలుంటయి గదా, అవి. చుట్టుపక్కల తండాలల్ల పెండ్లి కుదిరిందంటె పెండ్లిపిల్ల బట్టలకు అద్దాలు జమ్లినే కుట్టాలె. ఆమె కుట్టిన అద్దం ఒక్కటి కూడ పక్కకు ఒరగదని పేరు. ఆ పేరంటె ఆమెకు ప్రాణం.

సోని తండాల బడికి పోయి, గురుకులంల చదివి, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసింది. మా కాలేజీల పిల్లలకు పాఠాలు చెప్పుకుంటనే పీహెచ్‌డీ మొదలువెట్టింది. ఆమెకు గైడు మా బసవపున్నయ్య సారు. సారుది మధిర. అరిచే మనిషి గాదు, "చూడమ్మా", "అట్లా కాదమ్మా" అని మెల్లగ మాట్లాడతడు. ఆ లాబ్‌ల అరిచే పని మొత్తం నా మీదనే పడ్డది.

సోని పని లేజర్ మీద. లేజరంటె పిల్లలు గోడ మీద ఆడిచ్చే ఎర్ర చుక్క అనుకోకుర్రి. ఇది బియ్యపుగింజ కన్న చిన్న చిప్. కరెంటు ఇస్తె వెలుగిస్తది, ఆ వెలుగు కంటికి కనపడది. దాని లోపల ఒక్క వెలుగు కాదు, రకరకాల వెలుగులుంటయి, దేని దారి దానిది. వాటన్నిటినీ ఒక్క తాటి మీదికి తెస్తె అన్నీ కలిసి లేస్తయి, కలిసి పడతయి. అప్పుడు వెలుగు ధార లెక్క రాదు, మెరుపు వెనుక మెరుపు లెక్క వస్తది, సెకనుకు వెయ్యి కోట్లు. దాన్నే మోడ్ లాకింగ్ అంటరు. నాకు ఇది తలకెక్కక విసుక్కుంటుంటె సోని నవ్వి చెప్పింది. "అక్కా, తీజ్ పండుగకు మా తండాల ఆడోళ్ళు గుండ్రంగ తిరుగుకుంట చప్పట్లు కొడతరు. అందరి చేతులు ఒక్కసారి పడితె అవతలి తండా దాక వినపడతది. ఎవరికి తోచినట్టు వాళ్ళు కొడితె పిట్టలను అదిలిచ్చినట్టు ఉంటది. అంతే."

గట్ల చెప్తె ఎందుకు అర్థం కాదు, అయింది.

అయితె మెరుపులు వస్తె చాలదు, టైముకు రావాలె. ఒకటి రవ్వంత ముందు, ఒకటి రవ్వంత ఆలస్యం వచ్చిందంటె ఇంటర్నెట్ తీగలల్ల సమాచారం పంపేతందుకు పనికిరాదు, దూరాలు కొలిచేతందుకూ పనికిరాదు. ఆ తడబాటును జిట్టర్ అంటరు. మా దగ్గర ఒక స్క్రీన్ ఉన్నది, దాని మీద ఒక నిలువు గీత కనపడతది. మెరుపులు నిలకడగ వస్తె గీత సూది లెక్క సన్నగ నిలబడతది. తడబడితె గీత అడుగున లావెక్కి, గడ్డి మొలిచినట్టు పరుచుకుంటది. ఆ గీతను సన్నగ చేసుడు, చేసి నిలబెట్టుడు, ఇదే సోని పని. వినేతందుకు ఒక్క ముక్క, చేసేతందుకు ఏండ్లు పట్టింది.

ఆ చిప్ మాది కాదు. హైదరాబాద్‌ల ఒక పెద్ద లాబోళ్ళు సారు మీది నమ్మకంతోటి వాడుకొమ్మని ఇచ్చిర్రు. యూనివర్సిటీ కమిటీ వచ్చి చూసే రోజు దాక గడువు. కమిటీ ముందట గీత నిలబడితె సోని చదువు ముందటికి పోతది. నిలబడకపోతె చిప్ వెనక్కి పోతది, సోని రిజిస్ట్రేషన్ రద్దైతది. అప్పటికే గడువు పొడిగిచ్చిర్రు, ఇంకోసారి ఇచ్చేది లేదని మొఖం మీదనే చెప్పిర్రు. చిప్ లేకుంటె సోనికి మల్ల మొదలువెట్టే దారి లేదు.

ఆ గీత ఎంత సతాయిచ్చిందో చెప్పలేను. మా పక్కనే బొగ్గు తవ్వే ఓపెన్ కాస్టు గని. మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేస్తె కిటికీల అద్దాలు జలజలమంటయి. రోడ్డు మీద బొగ్గు లారీలు. కరెంటు ఒక తీరుగ ఉండది. నేను టేబుల్ కాళ్ళ కింద రబ్బరు దిమ్మలు పెట్టిన. సోని చిప్ వేడెక్కకుంట, చల్లబడకుంట కనిపెట్టుకొని కూసునేది. గీత మాత్రం గడ్డి మొలిచినట్టే ఉండేది. ఆ పిల్ల తిండి మానేసి దాని ముందట కూసుంటె నేను తిట్టేదాన్ని. "అది నీ మొగుడా, అత్తనా? లేచి తిను పోయి" అనేదాన్ని. నా డబ్బాలకెంచి పప్పు అన్నం పెట్టేదాన్ని. తినుకుంట గూడ గీత దిక్కే చూసేది.

వానకాలం మొదట్ల ఒకనాడు సోని ఇంటికాడికెంచి ఒక అద్దాల సంచి తెచ్చింది. అరచెయ్యంత సంచి, ఎర్ర గుడ్డ, మీద నీలం పచ్చ దారాలు, నడుమ అద్దాలు. జమ్లి కుట్టిచ్చిందట. లెన్సులు తుడిచే కాగితాలు, చిన్న పట్టకారు పెట్టుకునేతందుకు బాగుంటదని సోని దాన్ని టేబుల్ కొసన ఉన్న ఇనుప కడ్డీకి, ఊగకుంట రెండు దిక్కుల దారాలతోటి గట్టిగ కట్టింది.

నేను సంచిని చూసి "మంచిగున్నది గానీ ఈ నడిమి అద్దం జర వంకర పోయింది పిల్లా" అన్న.

సోని నవ్వలే. "అవ్ అక్కా. మా యాడి చేతిల అద్దం వంకర పోవుడు నేను పుట్టినకాడినుంచి చూడలే" అన్నది. యాడి అంటె వాళ్ళ భాషల అమ్మ. "కండ్లు కనపడ్తలేవు ఆమెకు. అడిగితె మంచిగ కనపడ్తున్నయి అంటది. కనపడ్తలేవంటె నేను ఇదంత ఇడిసిపెట్టి ఇంటికొస్తనని భయం."

ఆ వంకర కుట్టు చూసి పసిగట్టింది ఆ పిల్ల. ఇగ తల్లి ఎంత వద్దన్నా వినలే. ఖమ్మం దవాఖానాల చూపిస్తె రెండు కండ్లల్ల శుక్లాలు ముదిరినయన్నరు. ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ అని చెప్పిర్రు, ఒక్కో కంటికి నడుమ జర ఆగాలె. సోని సెలవు దొరికినప్పుడల్ల తల్లి కాడికి పోయేది, తిరిగొచ్చి లేజర్ కాడ కూసునేది.

గా దినాలల్లనే గీత సన్నబడ్డది.

ఒకనాడు పొద్దున స్విచ్చేస్తె సూది లెక్క లేచి నిలబడ్డది. మేము నమ్మలే. ఆర్పి మల్ల ఏసినం, మల్ల నిలబడ్డది. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయింది, కిటికీలు మోగినయి, గీత కదలలే. సోని కండ్లల్ల నీళ్ళు. సారైతె కండ్లద్దాలు తీసి తుడుచుకొని మల్ల పెట్టుకున్నడు. "కొత్త స్టెబిలైజర్ పెట్టించాను కదమ్మా, అదే పనిచేసింది" అన్నడు. నేను ఊకుంటనా? "స్టెబిలైజర్ గాదు సారూ, నేను రబ్బరు దిమ్మలు మార్చిన" అన్న. సోని మాత్రం తను చిప్ వేడిని సరిచేసినందుకే అనుకున్నది. ముగ్గురం ఎవరి గొప్ప వాళ్ళం చెప్పుకొని ఖుషీ అయినం. సారు కమిటీని రమ్మని కబురు చేసిండు, తారీఖు కుదిరింది.

కమిటీ వచ్చే ముందటి వారం సోని తండాకు పోయింది. తల్లి రెండో కంటి కట్టు తీసే రోజు. పోతపోత ఆ సంచి కూడ తీసుకపోయింది, తల్లికి చూపిస్త అన్నది. "నువ్వు ఇచ్చిన సంచి నా టేబుల్ కాడనే ఉంటది యాడీ" అని చెప్తె ఆమె సంబురపడతదని దాని ఆశ.

వాపసొచ్చినంక సంచిని ఎప్పటి జాగల ఎప్పటి లెక్కనే కట్టింది. స్విచ్చేసింది. గీత అడుగున గడ్డి మొలిచింది.

ఇగ మా తల ప్రాణం తోకకొచ్చింది. సారు స్టెబిలైజర్ విప్పిచ్చిండు, కట్టిచ్చిండు. నేను టేబుల్ కిందికి పండుకొని ఒక్కో బోల్టు బిగిచ్చిన, నడుం పట్టింది. సోని వేడి పెంచింది, తగ్గిచ్చింది. ఏం లాభం లేదు. బ్లాస్టింగే కారణమని లొల్లి పెట్టిన. ఆదివారం గని బంద్, లారీలు లేవు, రోడ్డు మీద కుక్క కూడ లేదు. ఆదివారం కూడ గీత గట్లనే ఉన్నది, సోమవారం పొద్దున కూడ అంతే. నాకు కోపం ఆగక, "నువ్వేం చేసినవ్ దీన్ని, ఇంటికి పోయేటప్పుడు ఏం కదిలిచ్చినవ్" అని సోని మీద ఇంతెత్తున లేచిన. ఆ పిల్ల పోయి గోడకు ఆనుకొని కూసున్నది.

"కమిటీకి ఫోన్ చేసి రావద్దని చెప్పమంటావా అమ్మా?" అన్నడు సారు.

"వద్దు సార్. రానియ్యండి" అన్నది సోని. లేచి మల్ల లెన్సు కాడికి పోయింది. కమిటీ వచ్చేది ఎల్లుండి.

గప్పుడు ఆమె ఫోన్ మోగింది. జమ్లి. సోని చేతులు లెన్సు మీద ఉన్నయి, అందుకే ఫోన్ ఎత్తి స్పీకర్ పెట్టుమని నాకు చెప్పింది. కొత్తగ కండ్లొచ్చిన మనిషి, గొంతుల ఎంత హుషారో. ఎత్తింది నేనని తెలిసి, నాకు గూడ అర్థమయ్యేటట్టు తెలుగులనే మాట్లాడింది. "బేటా, చెట్టు మీద పిట్ట ఈక గూడ కనపడతున్నది నాకు. గాలికి ఊగే ఆకు ఆకు కనపడతున్నది" అన్నది. సోని బలవంతంగ నవ్వింది. తల్లి మల్ల అడిగింది. "సంచి చూసుకున్నవా? నువ్వు పండుకున్నంక నేను విప్పి కుట్టిన. నడిమి అద్దం వంకర ఉండె. గుడ్డిదాని లెక్క కుట్టిన. చూసి సిగ్గైంది నాకు. నీ సార్లందరు చూసి ఏమనుకున్నరో. ఇప్పుడు సూటిగ ఉన్నదా?"

సోని చెయ్యి లెన్సు మీదనే ఆగిపోయింది. మెల్లగ తల తిప్పి సంచి దిక్కు చూసింది. "సూటిగ ఉన్నది యాడీ" అన్నది. నేను ఫోన్ పెట్టేసిన.

మా దగ్గర ఒక కార్డు ఉంటది, కంటికి కనపడని వెలుగు దాని మీద పడితె నారింజ రంగుల మెరుస్తది. సోని ఆ కార్డు పట్టుకొని సంచి ముందట పెట్టింది. నడిమి అద్దం మీద సరిగ్గ ఒక చుక్క వెలిగింది. లేజర్ వెలుగులకెంచి కొలిచేతందుకు కొంత తీసుకోంగ, మిగిలింది ఒక పక్కకు పోయి పడతది. అది పడే జాగలనే ఆ సంచి కట్టి ఉన్నది.

నాకు నవ్వు, ఏడుపు, కోపం మూడూ ఒక్కసారి వచ్చినయి. ఎందుకంటరా? ఆ లాబ్ గుమ్మం కాడ నేనే ఒక స్టీలు డబ్బా పెట్టిన. లోపలికొచ్చేటోళ్ళు గాజులు, ఉంగరాలు, వాచీలు అండ్ల ఏసి రావాలె. మెరిసేది ఏది తగిలినా ఆ వెలుగు ఎటన్న పోతది, కంట్ల పడితె కన్ను పోతది. సారు పెండ్లి ఉంగరం గూడ తీపిచ్చిన. అంత చేసి, అద్దాలు కుట్టిన సంచి నెలల తరబడి టేబుల్ మీదనే ఉంటె ఒక్కరికి తట్టలే. సంచి సంచే గదా అనుకున్నం. దాంట్ల పట్టకారు ఉంటది, కాగితాలు ఉంటయి. నగ కాదు గదా.

సోని పట్టకారుతోటి అద్దం కొసను రవ్వంత వంచింది. "అక్కా, గీత చూడు" అన్నది. గీత సన్నబడ్డది. ఆమె చెయ్యి జర ఒణికింది, గీత లావైంది. మల్ల వంచింది, మల్ల సన్నబడ్డది.

ఏమైతున్నదో సోని నాకు ఇడమరిచి చెప్పింది. అద్దం వంకరగ ఉన్నప్పుడు దానికి తగిలిన వెలుగుల ఒక పిసరు, చానా తక్కువ పిసరు, వచ్చిన దారినే వెనక్కి చిప్‌ల పడుతున్నది. "పాట ఒకామె ఎత్తుకుంటది గదా అక్కా, పక్కోళ్ళు అందుకుంటరు. సరైన జాగల అందుకుంటె పాడేటామెకు గొంతు నిలకడ వస్తది. జర తప్పిన జాగల అందుకుంటె ఆమె కూడ తడబడతది. ఈ చిప్ కూడ అంతే. తన వెలుగే తనకు టైముకు తిరిగొస్తె కుదుటపడ్డది. యాడి కుట్టిన వంకర, ఈ కడ్డీ దూరం, రెండూ ఎట్ల కలిసినయో కలిసినయి." పుస్తకాలల్ల ఈ సంగతి ఆమె చదివిందే. చదివింది తన కండ్ల ముందటనే వేలాడుతున్నదని తెలువలే, అంతే.

అయితె అద్దాన్ని గట్ల పట్టి ఉంచేదెట్ల? స్క్రూలు తిప్పి అద్దాన్ని సరిచేసే స్టాండు మా దగ్గర ఒక్కటే, అది సెటప్పు మొదట్ల బిగిచ్చి ఉన్నది, తీస్తె మొత్తం చెడతది. కొత్తది తెప్పియ్యాలంటె కమిటీ వచ్చి పోయినంకనే వస్తది. మైనం పెట్టి చూసినం, జారింది. టేపు అంటిచ్చినం, మధ్యాహ్నం బ్లాస్టింగుకు ఊడింది.

"దారమే కావాలె" అన్నది సోని. "యాడిని రమ్మంట."

తెల్లారి పొద్దుగాల్నే జమ్లి ఏన్కూరుకెంచి బస్సెక్కి వచ్చింది. నేను ఆమెను చూసుడు అదే మొదలు. మోచేతుల దాక తెల్ల గాజులు, రైక నిండ అద్దాలు, ఓణీ నిండ అద్దాలు. గుమ్మం కాడనే ఆపిన. "పెద్దమ్మా, ఏమనుకోకు, గిట్ల లోపలికి రానియ్య" అన్న. ఆమెకు కోపం రాలే. "నీ ఇల్లు, నీ కట్టడి బిడ్డా" అని వరండాల చాప మీద కూసున్నది. ఆ గాజులు తీస్తె వచ్చేటివి కావు, నేను గూడ తియ్యమనలే.

సోని సంచి తెచ్చి తల్లి ఒడిల పెట్టింది. "యాడీ, దీన్ని మల్ల మునుపటి లెక్క కుట్టు. వంకరగ."

జమ్లి నవ్వింది. తర్వాత బిడ్డ నవ్వుతలేదని చూసి నవ్వు ఆపింది. "ఎందుకు?"

సోని చెప్పింది. చప్పట్ల సంగతి చెప్పింది, పాట అందుకునే సంగతి చెప్పింది, రేపు సార్లు వస్తరని చెప్పింది. నిలబడకపోతె యంత్రం వెనక్కి పోతదని, తన చదువు ఆగిపోతదని కూడ చెప్పింది. అంతా విని జమ్లి సూదిల దారం ఎక్కిచ్చింది. కండ్లు మంచిగైనయి గదా, ఒక్కసారికే ఎక్కింది, దానికే ఆమె మురిసిపోయింది. కుట్టు విప్పి మల్ల కుట్టి ఇచ్చింది. నేను లోపలికి తీస్కపోయి కట్టిన. గీత లావుగనే ఉన్నది. బయటికి తెచ్చి చూస్తె అద్దం నిక్కచ్చిగ సూటిగ ఉన్నది.

"వంకర కుట్టమంటె సూటిగ కుట్టినవ్ పెద్దమ్మా" అన్న.

"అవ్. చెయ్యి మాట ఇంటలేదు" అన్నది సిగ్గుపడుకుంట. మల్ల విప్పింది. ఈసారి కావాలని వంచి కుట్టింది, గానీ దారం బిగిచ్చేటప్పుడు కన్ను చూసింది, చెయ్యి సరిచేసింది. బతుకంత సూటిగ కుట్టిన చెయ్యి అది. ఇంకోసారి కుట్టింది, ఇటు పోవాల్సింది అటు ఒరిగింది. నాకు ఓపిక పోతున్నది. బ్లాస్టింగు టైము దగ్గరకొచ్చింది, సారు వరండాల అటు ఇటు తిరుగుతుండు. సోని మాత్రం తల్లి మోకాలి మీద చెయ్యేసి కదలకుంట కూసున్నది.

జమ్లి జరసేపు సంచి దిక్కు చూసింది. తర్వాత చెట్ల దిక్కు చూసింది, కొత్తగ దొరికిన చూపు గదా, ఆశదీర చూసింది. చూసి, కండ్లు మూసుకున్నది.

మూసుకొని వేలితోటి అద్దం చుట్టూ తడిమింది. కండ్లు పోయిన దినాలల్ల ఎట్ల తడిమి కుట్టిందో గట్లనే తడుముకుంట, గుడ్డను పట్టుకుంట కుట్టింది. సూది వేలికి గుచ్చుకుంటె ఉస్ అన్నది గానీ కండ్లు తెరవలే. ముడేసి, పంటితోటి దారం తెంపి, సంచిని గాలిల నా దిక్కు చాపింది. నేను తీస్కపోయి కట్టిన. కడ్డీకి ముడి రెండుసార్లు తప్పింది. స్విచ్చేసిన.

గీత సూది లెక్క లేచింది.

"సోనీ" అని కేకేసిన. సోని వచ్చి చూసింది. స్క్రీన్ ముందట నిలబడి చూసి చూసి, ఉరికి వరండాలకు పోయింది. జమ్లి ఇంకా కండ్లు మూసుకొనే కూసున్నది. "తెరవాల్నా, ఇంకోసారి కుట్టాల్నా?" అని అడిగింది. సోని తల్లి ముందట కూలబడి ఆ రెండు చేతులూ తీసుకొని తన కండ్లకు అద్దుకున్నది. "తెరువు యాడీ" అన్నది.

తెల్లారి కమిటీ వచ్చింది. పెద్దోళ్ళు ముగ్గురు. నా డబ్బాల ఉంగరాలు, వాచీలు ఏపిచ్చి లోపలికి పంపిన. సోని చూపిచ్చింది. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయింది, కిటికీలు మోగినయి, వచ్చినోళ్ళల్ల ఒకాయన ఉలిక్కిపడి కుర్చీ పట్టుకున్నడు. గీత కదలలే. నేను గోడ పక్కన నిలబడి నా లోపల నేనే మొక్కుకున్న.

కమిటీల పెద్దాయన సంచి దిక్కు వేలు చూపిచ్చి "ఇదేంటమ్మా?" అన్నడు. సోని దాచలే. "అదే సార్ నా అద్దం. వెలుగును వెనక్కి పంపేది అదే. మా అమ్మ కుట్టింది. మొదట మాకు తెలువకుండనే పనిచేసింది, అమ్మ సరిచేస్తె ఆగింది, మల్ల వంకర కుట్టిస్తె నిలబడ్డది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సారు తల దించుకున్నడు. పెద్దాయన సంచి కాడికి వంగి చానాసేపు చూసిండు.

"సంచితో థీసిస్ రాయలేవమ్మా" అన్నడు. "సరైన స్టాండు పెట్టు, దూరం మార్చి మార్చి కొలువు. ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ చెడుతుందో చూపించు. ఏడాది ఇస్తున్నాం. చిప్ ఇక్కడే ఉంటుంది, నేను వాళ్ళతో మాట్లాడతాను." తర్వాత మా సారు దిక్కు తిరిగి, "దాచి ఉంటే ఇచ్చేవాణ్ణి కాదు" అన్నడు. ఆయన పేరు నాకు యాదికి లేదు. ఆయన చల్లగుండాలె.

సోని ఏడాది లోపలనే అంతా కొలిచింది. కొత్త స్టాండు వచ్చింది, దాని మీద లాబ్ అద్దం పెడితె గీత ఇంకా సన్నబడ్డది. ఎంత దూరంల మెరుపు నిలకడ పడతదో, ఎంత దూరంల తడబడతదో అన్నీ తేల్చింది. ఇప్పుడు ఆ పిల్ల డాక్టర్ సోని. మా కాలేజీలనే ఉన్నది, పిల్లలకు చెప్తది, చిప్ కాడ కూసుంటది, నా డబ్బాల అన్నం తింటది. నన్ను గూడ కూసోబెట్టి అన్నీ నేర్పింది. ఇప్పుడు గీత లావైతె ఎందుకైందో నేను గూడ చెప్పగలను. టేబుల్ బోల్టులు తప్ప ఏమీ తెలువని నాకు ఇంత తెలివి అంటిచ్చినందుకు ఆ పిల్లకు నేను ఏమిచ్చినా తక్కువే.

సంచి ఇప్పుడు లాబ్‌ల లేదు. సోని ఉండే ఇంట్ల, తలుపు తియ్యంగనే కనపడేటట్టు గోడ మొలకు తగిలేసింది. జమ్లి కొత్తగూడెం వచ్చినప్పుడల్ల ఇంట్ల అడుగు పెట్టుడు పెట్టుడే దాని దిక్కు చూస్తది. ఆమె వేళ్ళు ఊకోవు. మొన్న నేను కూడ అక్కడనే ఉన్న. ఆమె ఓణీ కొంగుల గుచ్చుకున్న సూది తీసింది. "ఇగ నీ యంత్రానికి దీంతోటి పనిలేదు గదా బేటా, జర సూటిగ చేస్త" అన్నది.

"వద్దు యాడీ" అన్నది సోని. "చూస్తె ఓర్వకపోతె కండ్లు మూసుకో."

జమ్లి సూదిని మల్ల కొంగుకు గుచ్చి, నవ్వుకుంట కండ్లు మూసుకున్నది. మూసుకొనే చెయ్యి చాపి ఆ అద్దాన్ని ఒకసారి తడిమి చూసింది, వంకర ఎప్పటి లెక్కనే ఉన్నదో లేదోనని.